బొంతల మధ్య స్టూడియో!

ఆగండాగండి, ఇది వినకుండా వెళ్ళకండి! ఒక చిన్న గది. గోడలకి వేలాడే పాత బొంతలు, ఓ మూల నిలబెట్టిన దూది పరుపు, మధ్యలో ఒక మామూలు ఫోను. అంతే సరంజామా! అందులోంచి వచ్చిన గొంతు ఎలా ఉందనుకున్నారు? నిండుగా, వెచ్చగా, స్పష్టంగా, నా ఒక్కడికే చెవిలో పాఠం చెబుతున్నట్టు ఉంది!

ఇదంతా ఎక్కడ? మా రోలుగుంటలో!

పాడ్‌కాస్ట్ అంటే నేనేమనుకునేవాణ్ణో చెప్పనా? అద్దాల గది, నల్లటి మైకు, చెవులకి డిప్పలు పెట్టుకుని ఇంగ్లీషులో నవ్వుకునే ఇద్దరు మనుషులు. పిల్లల పాఠం కూడా పాడ్‌కాస్ట్ అవుతుందని నాకేం తెలుసు! డీఈడీ చదువుతున్న మా మేనకోడలు ఆరో తరగతి సైన్సు పాఠాలు రికార్డు చేస్తోందంటే, సరే ఓసారి చూద్దామని వెళ్ళాను. అప్పట్నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు.

"మావయ్యా, ముందు ఎవరూ మాట్లాడకుండా అర నిమిషం రికార్డు చేద్దాం" అంది.

ఖాళీని ఎవరైనా రికార్డు చేస్తారా తల్లీ అన్నాను. నవ్వి, ఆ తర్వాత హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించింది. బాబోయ్! ఖాళీ ఎక్కడుందండీ! ఫ్యాను గరగర, వంటింట్లో ఫ్రిజ్ గుర్రు, గోడ మీద బల్లి, నర్సీపట్నం రోడ్డు మీద లారీ హారను, ఎక్కడో కోడి! ఈ చప్పుళ్ళన్నీ ఇన్నేళ్ళూ నా చెవిలో పడుతూనే ఉన్నాయి, మెదడే జల్లెడ పట్టి పక్కన పారబోస్తోంది. మైకుకి ఆ జల్లెడ లేదు! అందుకే రికార్డింగుకి ముందు ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ కాసేపు కట్టేయాలి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి. లేకపోతే మంచి పాఠం మధ్యలో ఎవరో ఒకరు ఫోను చేసి తీరతారు.

ఇక బొంతల సంగతి! ధ్వని సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. పదడుగుల గదిలో మాట గోడకి తగిలి తిరిగి రావడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. అంత త్వరగా వచ్చేస్తుంది కాబట్టి అది విడిగా ప్రతిధ్వనిలా వినపడదు, అసలు మాటకే అతుక్కుని దాన్ని డొల్ల చేసేస్తుంది. మెత్తటి దూది ఆ తిరిగొచ్చే చప్పుడుని మింగేస్తుంది! వట్టి గదిలో చప్పట్లు కొట్టాను: ఠంగ్! బొంతల మధ్య కొట్టాను: టప్! అక్కడికక్కడే ఆగిపోయింది! ఇక ఉండబట్టలేక వంటింట్లో, వసారాలో, బట్టల బీరువా తెరిచి దాని ముందూ చప్పట్లు కొట్టుకుంటూ తిరిగాను. "ఏటైందిరా నీకు?" అని మా అక్క చీపురు పట్టుకునే వచ్చేసింది. మీరూ కొట్టి చూడండి, మీ ఇంట్లో ఏ మూల మాట బాగుంటుందో మీకే తెలిసిపోతుంది!

అన్నిటికన్నా నన్ను కుదిపేసింది దూరం. మైకు ధర గురించి బుర్ర పాడుచేసుకుంటాం గానీ, మైకు ఎంత దూరంలో ఉందన్నదే అసలు కిటుకు! మూరెడు దూరంలో ఉన్న ఫోనుని జానెడు దూరానికి తెస్తే, దూరం సగమైనట్టే కదా. అప్పుడు నేరుగా వచ్చే గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. గదిలో తిరిగే ప్రతిధ్వని మాత్రం ఎంత ఉన్నది అంతే ఉంటుంది! ఒక్క పైసా ఖర్చు లేదు! కొనాల్సే వస్తే, మన ఊరి ఇళ్ళకి కండెన్సర్ మైకు కన్నా డైనమిక్ మైకే నయమని నా అభిప్రాయం. ఆ మొదటిది పక్కవీధి కోడిని కూడా వదలదు.

ఇప్పుడు అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని 'మ' అనండి. ఏమీ లేదు కదా? 'ఫ' అనండి. 'భ' అనండి. తగిలిందా గాలి! ఆ గాలే మైకుకి తగిలి 'భుస్' మంటుంది. సైన్సు పాఠం నిండా ఇవే: పత్రహరితం, పుప్పొడి, ఫలం, భాస్వరం! దానికి మా పిల్ల మందు చూడండి: ఎంబ్రాయిడరీ రింగుకి పల్చటి వోణీ గుడ్డ బిగించి ఫోను ముందు నిలబెట్టింది. ఫోనుని నోటికి కాస్త ఓరగా జరిపింది. భుస్ మాయం!

మరి పాఠం? బల్ల లేదు, సుద్దముక్క లేదు, "ఈ బొమ్మ చూడండి" అనడానికి లేదు! అందుకని "పెరట్లోకెళ్ళి ఒక ఆకు కోసుకురండి" అని మొదలుపెట్టింది. "ఆకు వెనక్కి తిప్పండి. ఈనెలు కనిపించాయా?" అని అడిగి... ఆగిపోయింది. మరిచిపోయిందేమో అనుకున్నాను. కాదట! పిల్లలు జవాబు చెప్పడానికి వదిలిన ఖాళీ అది! ఈ పద్ధతి 1974లో నికరాగువాలో మొదలైన స్టాన్‌ఫర్డ్ వాళ్ళ రేడియో లెక్కల ప్రాజెక్టు నాటిదట. మన ఆకాశవాణిలో బడిపిల్లలకి వచ్చిన 'విందాం నేర్చుకుందాం' పేరు విన్నాను గానీ, రేడియో ప్రశ్న అడిగి పిల్లల కోసం ఆగుతుందని ఊహించనేలేదు!

చివరికి పాత ల్యాప్‌టాప్‌లో ఆడాసిటీ తెరిచింది. 2000లో బయటికొచ్చిన ఉచిత సాఫ్ట్‌వేర్. మాట కంటికి కనిపిస్తుందండీ! 'ప' అన్నచోట నిటారుగా గీత లేస్తుంది. "అంటే... మరేమో..." అని నసిగినవన్నీ వరసగా కనపడతాయి, ఎంచుకుని కత్తిరించేయడమే! మొదట్లో పట్టిన ఆ అర నిమిషం ఖాళీ గుర్తుందా? దాన్ని ఆడాసిటీకి చూపిస్తే అలాంటి రొదని పాఠమంతా వెతికి తగ్గించేసింది! మరీ ఎక్కువ తగ్గిస్తే మాత్రం గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది, జాగ్రత్త. పది నిమిషాల పాఠం మామూలు వేవ్ ఫైలుగా 50 ఎంబీ దాటింది. 64 కేబీపీఎస్ మోనో ఎంపీ3గా మార్చితే 5 ఎంబీ లోపే! ఏ అమ్మ ఫోనుకైనా చిటికెలో వెళ్ళిపోతుంది.

మీరూ చూడండి! ఈ రాత్రే ఓ దుప్పటి ముసుగేసుకుని మీకొచ్చిన పాఠమేదో ఫోనుకి చెప్పి వినండి! నాకైతే ఇప్పుడే ఇంకో ఆలోచన తట్టింది. నాలుగు వైపులా ఆకులే, ఒక్క గోడైనా లేదు. చెరకు తోట నడిమధ్యన నిలబడి మాట్లాడితే ఎలా వినిపిస్తుందంటారు? చెప్పులేసుకుంటున్నాను, ఉంటానండి!