ఎనిమిదో తేదీ ఎక్కడికి పోయింది?

మా ఎడ్లపాడు విశ్రాంత ఉపాధ్యాయుల పుట్టినతేదీలను మొన్న స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాను. నమూనాపత్రం నెత్తిన "రోజు/నెల/సంవత్సరం" అని స్పష్టంగానే ఉన్నది. 23/07/1956 ఎడమవైపే ఉత్త అక్షరాలుగా ఉండిపోయింది. 08/03/1956 మాత్రం బుద్ధిగా కుడివైపుకు జరిగింది. తేదీగా గుర్తించిందని మురిసిపోయి, నెల పేరు చూపమంటే ఆగస్టు 3 అన్నది!

యంత్రంలోని దేశాచారం అమెరికాది. అక్కడ నెలదే అగ్రతాంబూలం. ఇరవైమూడో నెల లేదు గనుక మొదటిదానికి చేతులెత్తేసింది. పన్నెండు దాటని రోజులనన్నిటినీ నోరు మెదపకుండా నెలలు చేసేసింది. (మన పంచాంగకర్త క్షయతిథినైనా చెప్పి మరీ దాటిస్తాడు.)

అది గమనించకుండా పంపి ఉంటే, వయసును బట్టి వచ్చే అదనపు పింఛను ఆ మాస్టారికి అయిదు నెలలు వెనక్కి పోయేది. పట్టికంతా చెరిపి, నెలల పేర్లు అక్షరాలలో రాసుకుంటూ మళ్ళీ మొదలుపెట్టాను.