చిక్కడపల్లి రోడ్డు కింద

మెట్రో అంటే అందరూ తలెత్తి చూస్తారు. మా పని తల వంచుకుని చూసేది. స్తంభం లేవకముందే ఆ చోట భూమిలో ఏమేమున్నాయో కనిపెట్టి, అడ్డొచ్చినవాటిని పక్కకు జరపాలి. కాగితాల మీద దీన్ని యుటిలిటీ షిఫ్టింగ్ అంటారు. సైటులో మమ్మల్ని 'పైపులోళ్లు' అనే పిలిచేవాళ్లు.

జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా గ్రీన్ లైన్ 11 కిలోమీటర్లు. అందులో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి చిక్కడపల్లి మీదుగా నారాయణగూడ చేరే ముక్క చిన్నదే, మాకు తలనొప్పి మాత్రం అక్కడే ఎక్కువ. రోడ్డు ఇరుకు, దానికి రెండు వైపులా పాత దుకాణాలు. తారు కింద మంచినీళ్ల పైపు, ఇంకా లోతున మోరీ, పక్కన 11 కేవీ కేబుల్, టెలిఫోన్ రాగి తీగల కట్టలు, ఎవరు ఎప్పుడు వేశారో తెలియని ఫైబర్ గొట్టాలు. ఒక్కో శాఖ దగ్గర ఒక్కో మ్యాపు ఉంటుంది. ఏ రెండూ కలవవు.

ముందు తోపుడు బండిలాంటి రాడార్ యంత్రాన్ని రోడ్డు మీద నడిపిస్తాం. స్క్రీన్ మీద వంపు కనిపిస్తే కింద ఏదో ఉన్నట్టు. అది నీళ్ల పైపో, వదిలేసిన పాత గొట్టమో యంత్రం చెప్పలేదు. అందుకే ట్రయల్ పిట్ తవ్వాలి. దానికి జేసీబీని దగ్గరికి కూడా రానివ్వం. గడ్డపార, పార, తట్ట, అంతే. తారు పొర తీస్తే దాని కింద ఇంకో పాత తారు పొర, తర్వాత కంకర, ఆ తర్వాత మట్టి. పాలమూరు మేస్త్రీలకు ఆ మట్టిని చేత్తో నలిపితే చాలు. ఎర్రటి మొరం గట్టిగా ఉంటే అది ఇంతకుముందు ఎవరూ తవ్వని నేల. వదులుగా, రంగులు కలిసి ఉంటే ఎవరో తవ్వి పూడ్చారన్నమాట. కేబుల్ వేసినప్పుడు దాని మీద ఇసుక పోసి, ఇటుకలు పరుస్తారు. గడ్డపార కొనకు ఎర్రటి పొడి అంటిందంటే మేస్త్రీ చెయ్యి అక్కడే ఆగిపోయేది. "సారూ, ఇటుక తగిలింది. ఇంక చేత్తోనే తీయాలె" అని గుంతలో గొంతుక్కూచునేవాడు.

కరెంటు కేబుల్‌తో పెద్ద పేచీ లేదు. షట్‌డౌన్ దొరికితే ఎటంటే అటు వంచుకోవచ్చు. మోరీ అలా కాదు. అందులో నీళ్లు వాలును బట్టే పారతాయి. ఒకచోట జరిపితే పైనుంచి కింది దాకా లెవెల్ మళ్లీ చూసుకోవాలి. పాత లైన్లు స్టోన్‌వేర్ పైపులు, జాయింటు కాస్త కదిలినా కారడం మొదలుపెడతాయి. ముందు కొత్త లైను వేసి, మ్యాన్‌హోల్ నుంచి మ్యాన్‌హోల్‌కు కలిపి, పారకం అటు మళ్లించాకే పాతదాన్ని మూసేవాళ్లం. అదీ కుదరకపోతే డిజైనర్ల దగ్గరికెళ్లి పునాదినే కాస్త జరపమని అడుక్కోవడం. మెట్రో స్తంభం మోరీకి దారిచ్చిన చోట్లున్నాయని పైన తిరిగే ప్రయాణికుడికి ఎలా తెలుస్తుంది?

పనంతా రాత్రిళ్లే. సంధ్య, సుదర్శన్, దేవి థియేటర్లలో సెకండ్ షో వదిలాక గానీ రోడ్డు మా చేతికొచ్చేది కాదు. పెద్ద హీరో సినిమా విడుదలైతే ఆ వారం బారికేడ్ కదిలించే మాటే లేదు. షో నుంచి వచ్చే కుర్రాళ్లు గుంత అంచున నిలబడి "అన్నా, నిధి దొరికిందా?" అని అడిగేవాళ్లు. దొరికింది మోరీ అని చెబితే ముక్కు మూసుకుని పోయేవాళ్లు.

అశోక్‌నగర్ వాళ్ల ప్రశ్నలు వేరే. గ్రూప్స్‌కు చదివే పిల్లలు నగర కేంద్ర గ్రంథాలయం మూసేశాక కూడా పుస్తకాలు చంకన పెట్టుకుని టీ బండ్ల దగ్గరే ఉండేవాళ్లు. అందులో ఒకడు, నల్గొండ వైపు పిల్లవాడు, పట్టుకుని వదిలేవాడు కాదు. "లండన్ల లెక్క భూమి లోపల్నుంచి ఎందుకు పెట్టలేదన్నా? ఈ పిల్లర్ల గోల తప్పుతుండె గదా."

1863లో లండన్ వాళ్లు వేసిన మొదటి లైను కూడా వీధిని పైనుంచి తవ్వి, పట్టాలేసి, మళ్లీ కప్పేసిందే అని చెప్పాను. 1896లో బుడాపెస్ట్ కూడా ఆంద్రాషీ రోడ్డు కింద అదే పని చేసింది. లండన్ లోతైన సొరంగాల్లో రైలు నడపడం 1890లో మొదలైంది, అక్కడి బంకమట్టి మెత్తగా తెగుతుంది కనక. మన కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. అది కూడా ఒకే తీరున ఉండదు. ఒకచోట గడ్డపారకు లొంగే మొరం, పక్కనే బ్రేకర్‌కు కూడా లొంగని బండ. బెంగళూరులో సొరంగం తవ్విన యంత్రాల్లో ఒకదానికి గోదావరి అని పేరు. బండా మట్టీ కలిసిన నేలలో అది నెలల తరబడి ఇరుక్కుపోయింది. పోనీ, యంత్రం పైపులన్నిటి కిందుగా దూరిపోయిందే అనుకుందాం. స్టేషన్ మాత్రం పైనుంచి తవ్వాల్సిందే. చిక్కడపల్లి రోడ్డును ఏళ్ల తరబడి మూసి, ఈ కేబుళ్లూ పైపులూ మోరీలూ అన్నీ ఒక్కసారే జరపాలి. స్తంభాలకైతే పాతిక ముప్పై మీటర్లకొక గుంతతో సరిపోతుంది.

అలాగని పైన వేయడమే మేలని నేను వాదించను. మొదటి అంతస్తు కిటికీ ఎదుట కాంక్రీటు గోడ లేచిన దుకాణదారుడి బాధ నిజమైనదే. సుల్తాన్ బజార్ వ్యాపారులు ఏళ్ల తరబడి ఈ లైను వద్దన్నారు. 2014లో రాష్ట్రం వచ్చిన కొత్తలో అక్కడా, అసెంబ్లీ దగ్గరా మెట్రో భూగర్భంలో పోవాలనే మాట గట్టిగా వినిపించింది. చివరికి పైనే వేశారు.

వానాకాలంలో మా పరిస్థితి చెప్పుకోకపోవడమే మంచిది. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా అశోక్‌నగర్ మీదుగానే పోతుంది. 2000 ఆగస్టు వరదను అక్కడి పాత కాపురస్తులు ఇప్పటికీ చెబుతారు. నాలుగు చినుకులు పడితే మా గుంతలు నిండేవి. పంపు పెట్టి తోడిన నీళ్లు ఎక్కడ పోస్తాం? మేం జరపబోతున్న ఆ మోరీలోకే.

గ్రీన్ లైన్ 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. నెలన్నర తిరిగేసరికి కరోనా వచ్చి రైళ్లు ఆగిపోయాయి, మళ్లీ సెప్టెంబరులో కదిలాయి. 2023 ఆగస్టులో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గర మెట్రో లైనుకూ పైనుంచి ఇందిరా పార్కు–వీఎస్టీ స్టీల్ బ్రిడ్జి వచ్చింది. ఇప్పుడక్కడ అడుగున మోరీ, దాని మీద రోడ్డు, రోడ్డు మీద మెట్రో, మెట్రో మీద బ్రిడ్జి. ఇక ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీ వైపు సాగే లైనుకు 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. అక్కడి పైపులూ ఎవరో ఒకరు వెతకాల్సిందే.

జరిపిన లైన్ల డ్రాయింగులు ఇచ్చేటప్పుడు నేనొక్క విషయంలో మొండిగా ఉండేవాణ్ని. పైపు ఎంత దూరంలో, ఎంత లోతున ఉందో ఫుట్‌పాత్ అంచు నుంచి కొలిచి రాయడం వాడుక. ఫుట్‌పాత్ రెండేళ్లకోసారి మారుతుంది, తారు పొర మీద పొర పడి రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఆ కొలతలు ఎందుకూ పనికిరాకుండా పోతాయి. మా వాళ్ల చేత ప్రతి కొలతా పిల్లర్ నుంచే రాయించాను, లోతు కూడా దాని మీద రంగుతో గీసిన గుర్తు నుంచే. ఇప్పుడు ఆ రోడ్డు మీద ఎక్కడ లీకైనా ఫిర్యాదు చేసేవాళ్లూ, బాగుచేయడానికి వచ్చేవాళ్లూ ముందు చెప్పుకునేది పిల్లర్ నంబరే.