మణికట్టు చెప్పని మాట

ఉట్నూర్‌లో ఒక ఆదివారం పొద్దున. టీవీలో టెన్నిస్ మ్యాచ్ వస్తోంది. నిండా పదహారేళ్లు కూడా ఉన్నట్టు లేని అమ్మాయి తనకన్నా పదేళ్లు పెద్ద క్రీడాకారిణిని కోర్టంతా పరుగులు పెట్టిస్తోంది. టిఫిను ప్లేటు చేతిలో పట్టుకుని మనవరాలు కన్నార్పకుండా చూస్తోంది.

'తాతా, ఈమె నంబర్ వన్ అయితదా?'

ముప్ఫై ఏళ్లు ఆశ్రమ పాఠశాలల్లో పీఈటీగా చేసి రిటైరైన పెద్దాయన ఆయన. ఇలాంటి ప్రశ్నకు ఒకప్పుడు జవాబు నాలుక చివరే ఉండేది. పిల్ల నడక చూసి 'ఇది జిల్లాకు ఆడ్తది' అనేవారు. పరుగు చూసి 'అది రాష్ట్రానికి పోతది' అనేవారు. 'పువ్వు పుట్టగానే పరిమళిస్తుంది' అన్నది ఆయన ఊతపదం. ఇప్పుడు మాత్రం కళ్లజోడు సర్దుకుని, 'ఇంకో నాలుగేళ్లు చూడాలె బిడ్డా' అన్నారు. మనవరాలికి ఆ జవాబు నచ్చలేదు.

ఆయనలో ఈ మార్పు ఒక్కరోజులో రాలేదు. దాని వెనుక ఇద్దరు ఆడపిల్లలున్నారు. ఒకరు ప్రపంచమంతటికీ తెలుసు. ఇంకొకరు ఆయనకు మాత్రమే తెలుసు.

మొదటి అమ్మాయి సానియా మీర్జా. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మూడో రౌండు దాకా వెళ్లి సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. ఓడినా దేశమంతా చప్పట్లు కొట్టింది. మరుసటి నెలలో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్లో అల్యోనా బొందరెంకోను ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. మార్చిలో దుబాయ్‌లో అప్పటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాను వరుస సెట్లలో చిత్తుచేసింది. సెప్టెంబరులో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండు. ఆ ఏడాది మొదలైనప్పుడు మొదటి వంద ర్యాంకుల్లో లేని అమ్మాయి, ఏడాది ముగిసేసరికి 31లో ఉంది.

టీ కొట్టు దగ్గర, బస్టాండులో, స్టాఫ్‌రూములో ఒకటే లెక్క. ఒక్క ఏడాదిలో ఇంత ఎక్కింది కదా, ఇంకో రెండేళ్లలో టాప్ టెన్, ఆ తర్వాత నంబర్ వన్ అని. పీఈటీ సార్ కూడా అదే లెక్క వేశారు. ఆయన చూసింది ఒక్కటే, ఆ ఫోర్‌హ్యాండ్. మణికట్టును కొరడాలా విసిరితే బంతి గీత పక్కనుంచి దూసుకుపోయేది. 'అంత చెయ్యి ఉన్నోళ్లకు ఇంకేం గావాలె' అని తేల్చేశారు.

తేల్చిన లెక్క తప్పింది. సింగిల్స్‌లో ఆమె అందుకున్న అత్యుత్తమ ర్యాంకు 27. అది 2007 ఆగస్టులో. మనదేశంలో ఏ మహిళకూ దక్కని ఎత్తే. కానీ జనం వేలెత్తి చూపించిన శిఖరం అది కాదు. సర్వీసు బలం చాలదని, కోర్టులో కదలిక చాలదని నిపుణులు అంటూనే ఉన్నారు. వాటికన్నా పెద్ద దెబ్బ ఇంకోచోట తగిలింది. ఏ మణికట్టును చూసి అందరూ మురిసిపోయారో, ఆ మణికట్టే మొరాయించింది. 2008లో దానికి ఆపరేషన్ అయింది. అదే ఏడాది బీజింగ్ ఒలింపిక్స్‌లో తొలి రౌండు మ్యాచ్‌ను ఆ నొప్పితోనే మధ్యలో వదిలేయాల్సి వచ్చింది. మోకాళ్లకూ శస్త్రచికిత్సలు తప్పలేదు.

అప్పుడు అదే టీ కొట్టు దగ్గర, అదే జనం, 'అయిపోయింది' అన్నారు. సార్ కూడా అన్నారు. రెండో లెక్క. అదీ తప్పింది.

2013లో ఆమె సింగిల్స్ మానేసి డబుల్స్‌కే పరిమితమైంది. డబుల్స్‌లో కోర్టంతా ఒక్కరే కాపు కాయనక్కర్లేదు. నాలుగు గేములకోసారే సర్వీసు చేయాలి. బలహీనతలకు అక్కడ బరువు తక్కువ, ఆ ఫోర్‌హ్యాండ్‌కు మాత్రం విలువ ఎక్కువ. 2015 మార్చిలో మార్టినా హింగిస్‌తో జతకట్టింది. కలిసి ఆడిన తొలి మూడు టోర్నీలూ గెలిచారు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. ఆ ఏడాది వింబుల్డన్, యూఎస్ ఓపెన్, మరుసటి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్. వరసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. మిక్స్‌డ్ డబుల్స్‌లోనూ ఆమెకు మూడు గ్రాండ్‌స్లామ్‌లు ఉన్నాయి. కొడుకు పుట్టాక మళ్లీ రాకెట్ పట్టి, 2020 జనవరిలో హోబర్ట్‌లో డబుల్స్ టైటిల్ గెలిచింది. 2023లో ఆటకు వీడ్కోలు చెప్పింది.

శిఖరం ఎక్కింది. కానీ జనం చూపించిన దారిలో కాదు. 2005లో ఆమె ఫోర్‌హ్యాండ్‌ను అందరూ చూశారు. దారి మూసుకుపోతే పక్క దారి వెతుక్కునే గుణం మాత్రం ఎవరి కంటా పడలేదు. అది మణికట్టులో కనిపించేది కాదు మరి.

ఆ తర్వాత నుంచి పెద్దాయన కుర్రాళ్ల ఆట చూసే తీరు మారింది. జూనియర్ టైటిల్ గెలిచారనగానే ఎగిరిపడరు. 1998లో వింబుల్డన్ బాలుర టైటిల్ గెలిచిన ఫెదరర్, తర్వాత 20 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ బాలుర టైటిల్ గెలిచి జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్ అయిన మన యూకీ భాంబ్రీ, గాయాలతో ఏళ్లకేళ్లు పోరాడాడు. సింగిల్స్‌లో అతని అత్యుత్తమ ర్యాంకు 83. నిచ్చెన మొదటి మెట్టు ఇద్దరికీ దాదాపు ఒకటే. పై మెట్లు మాత్రం ఎవరివి వాళ్లవి.

వయసు కూడా ఆయన చూస్తారు. అమెరికా అమ్మాయి జెన్నిఫర్ కాప్రియాటీ 1990లో పద్నాలుగేళ్లు నిండకుండానే ప్రొఫెషనల్ అయింది. 1992లో ఒలింపిక్ స్వర్ణం. ఆ తర్వాత ఏడాదికే ఆటన్నా, జనమన్నా విసుగొచ్చి కోర్టుకు దూరమైంది. అలాంటి అనుభవాల తర్వాతే పద్దెనిమిదేళ్లలోపు అమ్మాయిలు ఏడాదికి ఇన్ని టోర్నీలే ఆడాలని డబ్ల్యూటీఏ పరిమితి పెట్టింది. కాప్రియాటీ తిరిగొచ్చి 2001లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచింది, నంబర్ వన్ కూడా అయింది. మధ్యలో పోయిన ఏళ్ల మాటేమిటి?

అంత దూరం ఎందుకు, పక్కనే నిజామాబాద్ ఉంది. నిఖత్ జరీన్ 2011లో బాక్సింగ్‌లో జూనియర్ ప్రపంచ చాంపియన్. సీనియర్ ప్రపంచ చాంపియన్ అయింది 2022లో. మధ్యలో పదకొండేళ్లు. 2017లో భుజం గాయం. ఆ పదకొండేళ్లలో ఏ ఏడాది అడిగినా 'ఈమె పని అంతే' అనేవాళ్లు దొరికి ఉండేవారు.

ఇవన్నీ పేపర్లో చదివి, టీవీలో చూసి నేర్చుకున్నవి. రెండో అమ్మాయి నేర్పిన పాఠం మాత్రం ఇంటికి దగ్గరది.

సానియా పేరు ఊరూరా మోగుతున్న రోజుల్లోనే ఆయన బడిలో ఒక గోండు పిల్ల ఉండేది. ఆట ఖోఖో. పొట్టిగా, సన్నగా ఉండేది. చేజింగుకు దిగిందంటే ఎదుటి జట్టులో ఒక్కరూ నిలిచేవాళ్లు కారు. 'నువ్వు రాష్ట్రానికి ఆడ్తవ్' అని సార్ అందరి ముందూ చెప్పారు. ఆ పిల్ల అప్పటినుంచి పొద్దున్నే అందరికన్నా ముందు గ్రౌండులో ఉండేది.

జోనల్ పోటీలు వచ్చాయి. కొత్త గ్రౌండు, చుట్టూ జనం, పెద్ద ఊళ్ల పిల్లలు. ఆ పిల్ల తడబడింది. రెండుసార్లు ఫౌల్ చేసింది. ఒకసారి పోల్ దగ్గర జారిపడింది. జట్టు ఓడిపోయింది. తిరుగు ప్రయాణంలో బస్సులో సార్ ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. మరుసటి ఏడాది జట్టులో ఆమె పేరు రాయలేదు. 'గ్రౌండుల ఉన్న ధైర్యం పోటీల లేదు' అన్నది ఆయన తీర్పు. టెన్త్ అయ్యాక ఆ పిల్ల ఊరికి వెళ్లిపోయింది.

చాలా ఏళ్ల తర్వాత ఉట్నూర్ అంగడిలో ఒకావిడ 'సార్, రామ్ రామ్' అని ఎదురొచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో కూరగాయల సంచి. ఆయన గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. బాగోగులు అడిగారు. చేను సంగతి, పత్తి ధర సంగతి మాట్లాడుకున్నారు. వెళ్లబోతూ ఆమె నవ్వుతూనే అడిగింది.

'సార్, నేను ఓడింది ఒక్కసారే గదా?'

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఎప్పటినుంచో అడగాలనుకున్న మాటలా ఉంది అంతే. సార్ దగ్గర జవాబు లేదు. సెరెనా మీద 1-6తో సెట్టు పోగొట్టుకున్న అమ్మాయికి ఆయన చప్పట్లు కొట్టారు. బీజింగ్‌లో మ్యాచ్ వదిలేసినా ఆమెకు తర్వాతి టోర్నీ ఉంది. ఖోఖో పోల్ దగ్గర జారిపడిన పిల్లకు తర్వాతి టోర్నీ లేకుండా చేసింది ఎవరు? ఆమె నిజంగా రాష్ట్రానికి ఆడేదో లేదో ఆయనకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకునే అవకాశాన్ని తన చేత్తోనే తీసేశారు.

రిటైరయ్యే దాకా మిగిలిన ఏళ్లలో ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఓడిన పిల్లను వచ్చే పోటీకి కచ్చితంగా తీసుకెళ్లడం. గెలిచిన రోజు కాదు, ఓడిన మర్నాడు ఎన్నింటికి గ్రౌండుకు వచ్చిందో చూడటం. పోయిన ఏడాది ఏ తప్పు చేసిందో ఈ ఏడాదీ అదే చేస్తోందా, కొత్త తప్పు చేస్తోందా అని గమనించడం. కొత్త తప్పు చేస్తుంటే ఆయనకు సంతోషం. పాతది దాటిందన్నమాట.

టీవీలో మ్యాచ్ అయిపోయింది. మొదటి సెట్టు గెలిచిన చిన్నమ్మాయి తర్వాతి రెండూ పోగొట్టుకుంది. తువ్వాలు ముఖం మీద కప్పుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. మనవరాలి ముఖం చిన్నబోయింది. ప్లేటులో ఉప్మా చల్లారిపోయింది.

'ఓడిపోయింది తాతా. ఇగ ఈమె నంబర్ వన్ కాదా?'

పెద్దాయన లేచి టీవీ కట్టేశారు.

'వచ్చే నెల మల్ల ఎక్కడ ఆడ్తదో పేపర్ల చూసి చెప్పు బిడ్డా. ఇద్దరం కలిసి చూద్దాం.'