రెండు కనుపాపల నడుమ ఒక అంకె



మీ కళ్ళజోడు చీటీని ఒకసారి తీసి చూడండి. కుడికంటి పవరు, ఎడమకంటి పవరు, సిలిండరు, యాక్సిస్, అన్నీ వరుసగా ఉంటాయి. ఒక అంకె మాత్రం చాలా చీటీలలో కనిపించదు. అది రెండు కనుపాపల నడిబిందువుల మధ్య దూరం. వైద్యపరిభాషలో దీనిని ప్యూపిలరీ డిస్టెన్స్, క్లుప్తంగా పీడీ అంటాము. సాధారణంగా దీనిని కళ్ళద్దాల దుకాణంలో కొలుస్తారు గనుక, వైద్యుడు వ్రాసే చీటీలో దీనికి చోటు దొరకదు. ఇంతకాలం అందువల్ల పెద్ద నష్టం లేకపోయింది. ఇప్పుడు పరిస్థితి మారింది. అమెరికా నుండి సెలవులకు వచ్చే పిల్లల పెట్టెలలో వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్లు కూడా వస్తున్నాయి. కళ్ళకు కట్టుకొని చూసే ఆ పరికరాన్ని మనకు సరిపడేలా అమర్చుకోవాలంటే ఈ అంకె తెలియాలి.

పెద్దవారిలో ఈ దూరం సగటున 63 మిల్లీమీటర్లు. అత్యధికులకు 54 నుండి 74 మధ్యలో ఉంటుంది. స్త్రీలలో సగటు కొంచెం తక్కువ. పిల్లలలో ఇంకా తక్కువ. ముఖం ఎదిగినకొద్దీ పెరుగుతుంది. రెండు కళ్ళ మధ్య ఈ ఎడం ఉన్నందువల్లనే ఒకే వస్తువు రెండు కళ్ళకూ స్వల్పభేదంతో కనిపిస్తుంది. ఆ రెండు చిత్రాలను మెదడు కలిపి లోతును గ్రహిస్తుంది. చార్లెస్ వీట్‌స్టోన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1838లోనే అద్దాలతో స్టీరియోస్కోపు నిర్మించి ఈ సంగతిని నిరూపించాడు. నేటి హెడ్‌సెట్ చేసే పని కూడా మూలంలో అదే: ఒక్కొక్క కంటికి ఒక్కొక్క చిత్రం చూపడం, కలిపే భారాన్ని మెదడుకు వదిలివేయడం.

కటకానికి ఒక కేంద్రం ఉంటుంది. కంటిచూపు ఆ కేంద్రం గుండా సాగాలి. కేంద్రం తప్పితే కటకం పట్టకంలా పనిచేసి కాంతిని ప్రక్కకు వంచుతుంది. కళ్ళజోడునే ఉదాహరణగా తీసుకోండి. రెండు కళ్ళకూ మైనస్ 6 పవరు ఉన్న వ్యక్తికి పీడీలో 4 మిల్లీమీటర్ల తేడాతో అద్దాలు బిగిస్తే, రెండు కళ్ళమీదా కలిపి 2.4 ప్రిజం డయాప్టర్ల వంపు పడుతుంది. ఆ వంపును సరిదిద్దడానికి కంటి కండరాలు రోజంతా శ్రమించాలి. హెడ్‌సెట్ కటకాలు మన కళ్ళకు ఎదురుగా కుదరకపోయినా ఫలితాలు ఇలాంటివే: బొమ్మ మసకబారుతుంది, కళ్ళు లాగుతాయి, తలనొప్పి వస్తుంది, దూరాల అంచనా తప్పుతుంది.

తయారీదారులకు ఇది తెలియని విషయం కాదు. 2019లో వచ్చిన ఆక్యులస్ రిఫ్ట్ ఎస్‌లో కటకాలను జరిపే వీలు లేదు. మరుసటి ఏడు వచ్చిన క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు స్థానాలు ఏర్పరచారు. 2023 నాటి క్వెస్ట్ 3లో చిన్న చక్రం త్రిప్పి 53 నుండి 75 వరకు అమర్చుకోవచ్చు. అయితే ఇంటిల్లిపాదీ ఒకే హెడ్‌సెట్‌ను వాడేటప్పుడు తండ్రికి కుదిర్చిన దూరంతోనే కూతురు కూడా చూస్తుంది. పెట్టుకొనేవారు మారిన ప్రతిసారీ ఈ అమరిక కూడా మారాలి.

ఇక కొలిచే పద్ధతి. కళ్ళద్దాల దుకాణంలో ప్యూపిలోమీటరు ఉంటే ఒక నిమిషంలో చెప్పగలరు. ఇంట్లోనైతే మిల్లీమీటర్ల స్కేలు చాలు. ఇద్దరూ మూరెడు దూరంలో, కళ్ళు ఒకే ఎత్తులో ఉండేలా ఎదురెదురుగా కూర్చోండి. స్కేలును ఎదుటివారి ముక్కుదూలంపై అడ్డంగా ఆనించండి. మీ కుడికన్ను మూసి, తెరిచి ఉన్న మీ ఎడమకంటిలోకి చూడమనండి. మనవారి కళ్ళు ముదురు రంగువి గనుక కనుపాప అంచు స్పష్టంగా తెలియదు. అందుచేత సున్నా గీతను వారి కుడికంటి నల్లగుడ్డు బయటి అంచుకు, అంటే చెవివైపు అంచుకు చేర్చండి. తరువాత స్కేలు కదలనీయకుండా మీ ఎడమకన్ను మూసి, కుడికన్ను తెరిచి, దానిలోకి చూడమనండి. వారి ఎడమకంటి నల్లగుడ్డు లోపలి అంచు, అంటే ముక్కువైపు అంచు, ఏ గీత వద్ద ఉన్నదో అదే వారి పీడీ. మూడుసార్లు కొలిచి సగటు తీసుకోండి.

కళ్ళజోడు ఉన్నవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: తెర కంటికి అంగుళాల దూరంలోనే ఉన్నది గనుక చదువుకొనే అద్దాలు పెట్టుకోవాలా? అక్కరలేదు. కటకాల వల్ల ఆ దృశ్యం సాధారణంగా మీటరుకు పైబడిన దూరంలో ఉన్నట్లుగా కంటికి చేరుతుంది. కనుక దూరపుచూపు అద్దాలు అవసరమైనవారు వాటినే ధరించాలి. చత్వారం మాత్రమే ఉన్నవారికి చాలాసార్లు ఏ అద్దమూ అవసరం ఉండదు. కళ్ళజోడు హెడ్‌సెట్ కటకాలకు రాసుకుంటే రెండూ గీతలు పడతాయి. అందుకు ఎడంగా ఉంచే స్పేసర్లు ఉన్నాయి. మీ పవరుతో చేయించి లోపల బిగించుకొనే అద్దాలు కూడా దొరుకుతాయి.

ఇంతవరకు చెప్పినది సౌకర్యం గురించి. అంతకంటె ముఖ్యమైన సంగతి ఇకపై ఉంది.

మా వీధిలోని ఒక మిత్రుని మనుమడికి పదకొండేళ్ళు. ఇంటికి కొత్తగా వచ్చిన హెడ్‌సెట్‌లో అక్క బంతి మీదికి వస్తోందని తల ప్రక్కకు తప్పించుకొంటున్నది; వీడు మాత్రం కదలకుండా కూర్చున్నాడు. “తాతగారూ, నాకు టీవీలో చూసినట్టే ఉంది” అన్నాడట. మిత్రుడు ఆ మాటను నవ్వుతూ నాకు చెప్పాడు. నాకు నవ్వు రాలేదు. బాబును పిలిపించి, ఒక కన్ను అరచేత మూసి గోడమీది క్యాలెండరు చదవమన్నాను. కుడికంటితో చిన్న అక్షరాలు కూడా చదివాడు. ఎడమకంటితో పెద్ద అంకెలు తప్ప ఏమీ చెప్పలేకపోయాడు. పరీక్షలో ఎడమకంటికి ఎక్కువ ప్లస్ పవరు ఉన్నదని, దాని వల్ల అంబ్లియోపియా, అంటే సోమరికన్ను, ఏర్పడిందని తేలింది. “బడిలో బాగానే చదువుతున్నాడు కదండీ డాక్టరుగారూ!” అని తల్లి కన్నీరు పెట్టుకున్నది. ఒక కన్ను చక్కగా చూస్తున్నప్పుడు రెండవదాని లోపం ఇంట్లోవారికే కాదు, ఆ బిడ్డకు కూడా తెలియదు.

సోమరికంటికి ఏడేళ్ళలోపు చికిత్స మేలైన ఫలితమిస్తుంది. ఆ తరువాత కష్టమైనా, పన్నెండేళ్ళ వరకు కూడా మెరుగుపడిన పిల్లలున్నారు. ఈ బాబుకు కళ్ళజోడు, మంచి కంటికి రోజుకు కొన్ని గంటల ప్యాచ్ మొదలయ్యాయి. హెడ్‌సెట్ అతని కంటిని పాడుచేయలేదు. అప్పటికే ఉన్న లోపాన్ని బయటపెట్టింది. ఇదే జాతి పరికరాన్ని చికిత్సకూ వాడుతున్నారు: నాలుగు నుండి ఏడేళ్ళ పిల్లల సోమరికంటికి, వైద్యుని పర్యవేక్షణలో వాడే లూమినోపియా అనే పద్ధతికి అమెరికా ఎఫ్‌డీఏ 2021లో అనుమతినిచ్చింది.

కాబట్టి మిత్రులారా, “నాకు లోతు కనబడడం లేదు”, “రెండుగా కనిపిస్తోంది”, “పెట్టుకోగానే తల తిరుగుతోంది” అని బిడ్డ అంటే ఆటమీద విసుగని త్రోసిపుచ్చకండి. కంటివైద్యునికి చూపించండి.

వాడకంలో ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి:

1. ఇరవై నిమిషాలకొకసారి తీసి, దూరంగా ఉన్న వస్తువును చూడండి. తెరమీది దృశ్యం దగ్గరకు వచ్చినట్లున్నా కంటి ఫోకస్ ఒకే దూరంలో నిలవవలసి రావడం అలసటకు ఒక కారణం.

2. తదేకంగా చూసేటప్పుడు రెప్పపాటు తగ్గి కళ్ళు పొడిబారతాయి. ప్రయత్నపూర్వకంగా రెప్పలు ఆర్పండి.

3. ముఖానికి తగిలే భాగాన్ని ప్రతివారి తరువాత తుడవండి. 2023 వానాకాలంలో మన ఊళ్ళలో కండ్లకలక ఎంత త్వరగా ప్రాకిందో మరచిపోరాదు. కన్ను ఎర్రబడినవారు హెడ్‌సెట్ పెట్టుకోరాదు.

4. మూర్ఛవ్యాధి ఉన్నవారు, ఇటీవల కంటి శస్త్రచికిత్స జరిగినవారు తమ వైద్యుని అడిగిన తరువాతనే వాడాలి.

5. తీసిన వెంటనే బండి నడపవద్దు.

6. చిన్నపిల్లలకు ఇవ్వకండి. మెటా సంస్థ మొదట 13 ఏళ్ళ పరిమితి పెట్టి, 2023లో తల్లిదండ్రుల అదుపులో 10 ఏళ్ళకు తగ్గించింది.

హెడ్‌సెట్ లేని ఇళ్ళవారు ఇదంతా తమకు సంబంధించినది కాదనుకోవద్దు. ఈ సాయంత్రమే మీ ఇంట్లోని ప్రతి బిడ్డనూ ఒక కన్ను మూసి, తరువాత రెండవ కన్ను మూసి, గోడమీది క్యాలెండరు చదవమనండి. రెండు నిమిషాల పని. రెండు కళ్ళకూ తేడా కనబడితే రేపటికి వాయిదా వేయకండి.