ఒక్క నిమిషం పాట కోసం విజయనగరం

కండలకి పాటేమిటి అని నవ్వకండి. ఒళ్లంతా రంగూ నూనే పూసుకుని, గోచీ అంత ట్రంకుతో స్టేజీ ఎక్కిన కుర్రవాడికి ముందు ఏడు భంగిమలుంటాయి. ఫ్రంట్ డబుల్ బైసెప్స్, సైడ్ చెస్ట్... అలా వరసగా. అవి అందరికీ ఒకటే. జడ్జీ చెప్పినట్టు నిలబడాలి, అంతే. ఆ తర్వాత ఇచ్చే అరవై సెకన్లు మాత్రం వాడి సొంతం. అప్పుడు మోగే పాట వాడే తెచ్చుకోవాలి. బూతు మాటలున్న పాట పనికిరాదనే కట్టుబాటు ఒక్కటి తప్పిస్తే మిగతాదంతా వాడిష్టం.

ఆ ఇష్టం దగ్గరే వచ్చింది చిక్కంతా! ఈ సంక్రాంతికి నేను విజయనగరంలో మా అక్కగారింటికి వెళ్లేసరికి ఇంటినిండా అరిసెలు, ఇంటినిండా గొడవ.

మా మేనల్లుడికి ఇరవై ఆరేళ్లు. పగలు సెల్‌ఫోన్ల దుకాణంలో పని, పొద్దునా రాత్రీ జిమ్ము. బరువు అరవై అయిదు కిలోల లోపు. మూడేళ్లుగా జిల్లా పోటీలో నాలుగో స్థానం దగ్గర ఆగిపోతున్నాడు. పేరు మాత్రం రాయొద్దన్నాడు. "గెలిస్తే అప్పుడు రాద్దువులే మావయ్యా" అని షరతు. జీతమంతా గుడ్లకీ, కోడి మాంసానికీ పోతోంది. తెల్లసొన వాడు తింటాడు, పచ్చసొన వీధి కుక్కలకి పడుతుంది. ఆ వీధిలో కుక్కలకున్న కండలు జిల్లాలో ఎక్కడా లేవు! మా బావ జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు సంగతి చూసీ చూసీ గడువు పెట్టేశాడు. "ఈ యేడాదితో సరి. ప్రైజొస్తే సరే, రాకపోతే హైదరాబాదెల్లి పన్జూసుకో." పోటీకి వచ్చి చూడమంటే మాత్రం ససేమిరా అన్నాడు. "ఊరందరి ముందూ గోచీతో నిలబడితే నానొచ్చి సూడాలేటి?"

పోటీకి పదకొండు రోజులుంది. పాట లేదు.

సాయంకాలం మేనల్లుడు నన్ను వెంటబెట్టుకుని ఊళ్లోకి తీసుకెళ్లాడు. గంటస్తంభం, మూడు లాంతర్లు, 1713లో కట్టిన కోట. అడుగడుక్కీ ఒక పాట వినిపించాడు. చెవిలో పెట్టుకునే తీగ ఒకటి వాడికి, ఒకటి నాకు. వినిపించినవి ఇరవై మూడు పాటలు, లెక్కపెట్టాను. అన్నీ హీరోగారు కారు దిగేటప్పుడు వచ్చే పాటలే. మీరూ నేనూ హాల్లో కాగితాలు చింపి ఎగరేసే పాటలే!

ఆ మాటకొస్తే అసలు గొడవ అదే. కిందటేడు ఈ పోటీ చూడ్డానికి నేనూ వచ్చాను. ఒకబ్బాయి అలాంటి పాట పెట్టించుకున్నాడు. మంచి కట్టుదిట్టమైన శరీరం, చూడముచ్చటగా వున్నాడు. పాట మొదలైందో లేదో హాలు దద్దరిల్లింది. మధ్యలో హీరో డైలాగు వచ్చింది, ఇంక ఈలలే ఈలలు. కుర్చీల మీదెక్కి గంతులు! ఆ అబ్బాయి పొంగిపోయి చేతులూపాడు. కానీ నా పక్కనున్న వాళ్లని చూస్తే ఒక్కడి కళ్లూ ఆ అబ్బాయి మీద లేవు. వాళ్లు చూస్తున్నది మనసులో ఆడుతున్న సినిమాని. ఈలలన్నీ హీరోగారి ఖాతాలో పడ్డాయి. అదే పాటతో ఇంకో ఇద్దరొచ్చారు. మూడోసారికి ఈలలూ తగ్గిపోయాయి.

"మరి మన సినిమాలో కండలకి తగిన సంగీతమే లేదంతావా మావయ్యా?" అన్నాడు మేనల్లుడు, కాస్త నొచ్చుకుని. లేకేం! 2007లో 'దేశముదురు'లో అల్లు అర్జున్ చొక్కా విప్పిన దగ్గర్నుంచీ సిక్స్ ప్యాక్ అనే మాట మన పల్లెటూళ్ల దాకా పాకింది. 2015లో 'బాహుబలి' శివలింగాన్ని భుజానికెత్తుకున్నప్పుడు కీరవాణి గారి సంగీతానికి ఒళ్లు పులకరించని వాడెవడు? కానీ ఆ సంగీతం ప్రభాస్ అంత మనిషి కోసం, అంత పెద్ద కొండ కోసం, అంత జలపాతం కోసం కట్టింది. అరవై అయిదు కిలోల మనిషి ఆ బాకాల కింద నిలబడితే నాన్న చొక్కా తొడుక్కున్నట్టుంటుంది.

నన్నడిగితే మన తెరమీద కండల ప్రదర్శనకి మహారాజు 1957 'మాయాబజార్'లో ఘటోత్కచుడు. సిక్స్ ప్యాక్ లేదు సరికదా, నిండు బొజ్జ! అయినా ఎస్వీ రంగారావు భుజం ఎగరేస్తే తెర చాలదు. మాధవపెద్ది సత్యం గొంతు ఎక్కడ ఆగుతుందో అక్కడ ఆ మహానటుడి చెయ్యి ఆగుతుంది, కనుబొమ లేస్తుంది. ఆ చిత్రానికి సంగీతం అందించిన ఘంటసాల పాట నేర్చుకున్నది ఈ ఊళ్లోనే. మధూకరం ఎత్తుకుని, దొరికింది తిని, పగలంతా సాధన చేశారు. మా వాడేమో ఇంట్లో అరిసెలు పెట్టుకుని ఉప్పులేని కోడి తింటున్నాడు. ఆకలి మాత్రం ఇద్దరికీ ఒకటే అనుకోండి.

విజయనగరం గొప్పంతా ఇక్కడే వుంది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు కసరత్తులో ఆరితేరిందీ, సర్కసు కంపెనీ పెట్టిందీ ఇక్కడే. రొమ్ము విరిచి గొలుసులు తెంపేవాడనీ, గుండెల మీద ఏనుగుని నిలబెట్టుకునేవాడనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఊళ్లో 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు అక్కడ వయొలిన్ చెప్పారు. సుశీలమ్మ అక్కడే చదువుకున్నారు. ఒక వీధిలో దండీలు, పక్క వీధిలో తంబూరాలు! ఇలాంటి ఊళ్లో పుట్టి, కండలకి పాట దొరకలేదని సెల్‌ఫోను పట్టుకు తిరగడం చూస్తే నాకు నవ్వొచ్చింది.

మా అక్కగారి వీధి చివర ఒక వయొలిన్ మాస్టారున్నారు. పిల్లలకి ఇంటి దగ్గర పాఠాలు చెబుతారు. ఆయన దగ్గరికి లాక్కెళ్లాను. మా వాడు సిగ్గుపడుతూ చొక్కా విప్పి, ఇరవై మూడింట్లో తనకి బాగా నచ్చిన పాట పెట్టి, మొత్తం చేసి చూపించాడు. ఇరవై రెండు భంగిమలు. చివరికి రొప్పుతున్నాడు.

మాస్టారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు. "బాబూ, ఈ పాటలో నువ్వు నిలబడే చోటేదీ?"

మా వాడు తెల్లమొహం వేశాడు.

"దరువు దరువుకీ మారిపోతున్నావు. నీ కండ మాకెప్పుడు కనపడాలి? కంగారే కనపడుతోంది" అంటూ ఆయన తొడ మీద తాళం వెయ్యడం మొదలుపెట్టారు. ఆదితాళం. ఎనిమిది అక్షరాలు. నిమిషానికి ఎనభై దెబ్బలు పడేట్టు వేస్తే నిమిషంలో పది ఆవర్తనాలు. ఒక్కో ఆవర్తనం ఆరు సెకన్లు. మొదటి నాలుగు దెబ్బల్లో భంగిమ మారాలి, తర్వాతి నాలుగూ నిలవాలి. అంటే మూడు సెకన్లు నడక, మూడు సెకన్లు శిల్పం! నిమిషానికి పదే భంగిమలు. పదకొండోదానికి చోటు లేదు.

"మరి మిగతా పన్నెండూ?" అన్నాడు వాడు, ఆస్తి పోయినట్టు.

"పారెయ్యి."

అక్కడే మాస్టారు నారాయణదాసు గారి సంగతి చెప్పారు. ఆ కళాశాలకి తొలి ప్రిన్సిపాలు ఆదిభట్ల నారాయణదాసు. హరికథా పితామహుడు. రెండు చేతులూ, రెండు కాళ్లూ, తల, ఈ అయిదింటితో అయిదు వేర్వేరు తాళాలు ఒకేసారి నడిపేవారట. "ఒంటికి లయ తెలియాలి గానీ, వెనక ఏది మోగితే ఏం?" అన్నారు మాస్టారు. నేను 'ఎక్సోడస్' కథ అందుకున్నాను. ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ గారు భంగిమలకి వాడుకున్నది 1960లో వచ్చిన ఆ చిత్రంలోని ఎర్నెస్ట్ గోల్డ్ సంగీతాన్ని. ఆస్కార్ అందుకున్న సంగీతం. నెమ్మదిగా లేచి, అలలా విరుచుకుపడుతుంది. అందులో మాటల్లేవు, హీరో డైలాగుల్లేవు. కొండలాంటి ఆ మనిషి తొందర లేకుండా ఒక్కొక్క వైపూ తిరిగి చూపించడానికి బోలెడంత జాగా వుంది. 1975లో ప్రిటోరియాలో జరిగిన పోటీ మీద తీసిన 'పంపింగ్ ఐరన్' చిత్రం 1977లో వచ్చింది, దొరికితే చూడండి.

"అయితే అదే పెట్టీమంతావా?" అన్నాడు మేనల్లుడు ఆశగా.

"ఆయనకి మోకాలంత వుంటావు. వద్దు" అన్నాను.

మాస్టారు వయొలిన్ మీద ఏదో వాయిస్తానన్నారు. వాయించారు కూడా. ఎంతో బాగుంది. కానీ మా వాడు కిటుకు పట్టుకున్నాడు. పోటీ జరిగేది కల్యాణ మండపంలో. రేకుల కప్పు, గోడంత స్పీకర్లు. అక్కడ వయొలిన్ పెడితే ఈగ వాలినట్టుంటుంది. పాట మాటలు ఎలాగూ గజిబిజి. ఆ హాల్లో బతికి బట్టకట్టేది డప్పు ఒక్కటే.

డప్పు అనగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

మా బావ వాళ్లది గజపతినగరం వైపు పల్లెటూరు. కుర్రతనంలో తప్పెటగుళ్లు ఆడిన మనిషి. చూసిన వాళ్లకి తెలుస్తుంది. రొమ్ము మీద తప్పెట కట్టుకుని, కాళ్లకి గజ్జెలు కట్టి, రెండు చేతులా వాయిస్తూ గాల్లోకి లేస్తారు. వాయిద్యం మోగేది గుండె మీద! కండల పోటీకి ఇంతకన్నా దగ్గరి సంగీతం ఎక్కడుంది చెప్పండి? బావ తప్పెట అటక మీద పాత గోనెసంచిలో ముప్పై ఏళ్లుగా నిద్రపోతోంది.

అడగడానికి కొడుక్కి ధైర్యం లేదు. నేనడిగాను. బావ అన్నం కలుపుతూ వినీ విననట్టు వున్నాడు. చెయ్యి కడుక్కున్నాక "దానికేటి ఇప్పుడు" అన్నాడు. మర్నాడు పొద్దున లేచేసరికి తప్పెట దులిపి అరుగు మీద పెట్టివుంది.

రికార్డింగు పెరట్లో కొబ్బరిచెట్టు కింద. దిండు మీద సెల్‌ఫోను, పక్కన మాస్టారు వేలితో లెక్క. మొదటిసారి బావ ఎత్తుకోవడమే జోరుగా ఎత్తుకున్నాడు. నలభై సెకన్లకే చెమటలు. "నెమ్మదిగా కొట్టాలి నాన్నా" అన్నాడు వాడు. "నెమ్మదిగా కొడితే తప్పెటగుళ్లేటిరా, పాడె డప్పవుతాది" అని బావకి కోపం. అది రెండు రోజుల తగువు. చివరికి రాజీ ఏమిటంటే, ఎనిమిది ఆవర్తనాలు మాస్టారి లెక్క ప్రకారం నిదానంగా. తర్వాత పన్నెండు సెకన్లు బావ ఇష్టం. ఆఖరి దెబ్బ పడగానే ఠక్కున ఆగిపోవాలి.

ఎన్నిసార్లు కొట్టాడో లెక్కలేదు. అందరికీ నచ్చిన దాంట్లో నడిమధ్య ఒక కాకి అరిచింది. తీసేయిద్దామన్నాను. "వుండనీ మావయ్యా, మళ్లా కొట్టమంటే నాన్న చెయ్యి వాచిపోతాది" అన్నాడు వాడు.

ఆ పదిరోజులూ భంగిమలు కత్తిరించడం ఒక యజ్ఞం. మా వాడికి వెన్ను బాగుంటుంది, తొడలు కాస్త తక్కువ. అందుకని ముందువైపు తక్కువ, వెనకవైపు ఎక్కువ. వెన్ను చూపించే భంగిమకి ఒకటికి రెండు ఆవర్తనాలు ఇచ్చాడు. అద్దం ముందు చేసుకుంటే లాభం లేదు. అద్దం చూస్తూ చేస్తే తల అటే తిరుగుతుందట. గోడవైపు తిరిగి, చెవిలో తండ్రి తప్పెట పెట్టుకుని చేసేవాడు. చివర్లో అయితే ఫోను కూడా తీసేశాడు.

పోటీనాడు కల్యాణ మండపం కిటకిటలాడింది. సౌండు కుర్రాడి దగ్గర పెన్‌డ్రైవులు గుట్ట. ఒకరి పాట ఒకరికి పడింది, ఇంకొకరికి పాట బదులు ఎవరిదో పెళ్లి వీడియో సంగీతం వచ్చింది. అందుకే మా వాడి పాట నేనే పట్టుకెళ్లి ఆ కుర్రాడి పక్కన కాపలా కూర్చున్నాను.

అరవై అయిదు కిలోల విభాగంలో తొమ్మిది మంది. ఏడుగురు హీరోల పాటలతో వచ్చారు. మా వాడు ఎనిమిదోవాడు. తప్పెట మొదటి దెబ్బ ఆ స్పీకర్లలో పడగానే హాలు ఒక్కసారి తల తిప్పింది. ఈల లేదు. ఎవరి ఈల ఎవరికి వెయ్యాలో తెలియక! వాడు నాలుగు దెబ్బల్లో తిరిగాడు, నాలుగు దెబ్బలు నిలిచాడు. మళ్లీ తిరిగాడు, మళ్లీ నిలిచాడు. వెన్ను విప్పి నిలబడ్డ చోట కాకి అరిచింది. వెనక వరసల్లో ఒకరిద్దరు నవ్వారు. ఆ నవ్వు ఆగాక కూడా వాడింకా అలాగే వున్నాడు, వెన్నులో పాయలు పాయలుగా కండ కదులుతూ. ఎవరో పెద్దాయన "అదీ!" అన్నాడు. ఆఖరి పన్నెండు సెకన్లూ తప్పెట రేగిపోయింది. జనం చప్పట్లతోనే తాళం వేశారు.

మూడో స్థానం వచ్చింది. మొదటి ముగ్గురికీ రాష్ట్ర పోటీకి వెళ్లే అవకాశం. మొదటి స్థానం అబ్బాయి తొడలు చూస్తే ఆ తీర్పు న్యాయమే అనిపించింది నాకు.

ఇంటికెళ్లేసరికి రాత్రి పదకొండు దాటింది. బావ అరుగు మీద పడుకున్నాడు, నిద్ర మాత్రం పోలేదు. కొడుకు మెడలో పతకం చూశాడు, దాని గురించి అడగలేదు.

"సౌండు సరిగ్గా ఒచ్చిందేటి?"

"ఒచ్చింది నాన్నా."

"కాకి ఇనపడిందా?"

"ఇనపడింది."

"నవ్వేరా?"

"నవ్వేరు. కొంచిమే."

బావ అటు తిరిగి పడుకున్నాడు. కాసేపటికి దుప్పట్లోంచే మాట వచ్చింది. "రాష్ట్రం పోటీకి ఇంకోటి కొడతాను. ముందు ఆ కొబ్బరిచెట్టు మీద కాకిని తోలీండి."

మా అక్క అరిసెల పళ్లెం తెచ్చి కొడుకు ముందు పెట్టింది. వాడు రెండు చేతులా అందుకున్నాడు.