బండ నెర్రెలో నెమలిశిఖ

తలకోన అనగానే అందరూ జలపాతం మాటే ఎత్తుతారు. 270 అడుగుల ఎత్తునుండి నీరు దూకడం మన సీమవారికి రోజూ దొరికే దృశ్యం కాదు గదా! అయితే మేము రెండుసార్లు అక్కడికి వెళ్లింది నీళ్లులేని చోట బ్రతికే ఒక చిన్న మొక్కను చూడడానికి. ఒకసారి మే నెల ఎండల్లో, మరోసారి నవంబరు వానల తర్వాత.

తిరుపతి నుండి చంద్రగిరి, భాకరాపేట, నెరబైలు మీదుగా దారి. జలపాతం దగ్గర నీటి తుంపర్లు పడే రాళ్లమీద సన్నని నల్లటి కాడలతో మెత్తని ఫెర్న్ మొక్కలు గుంపులుగా ఉంటాయి. ఫెర్న్ అంటే నీడా తడీ కోరే మొక్క అని బడిలో చదువుకున్నవారికి అవి వింతగా తోచవు. మేము వెదికినది మాత్రం అక్కడ లేదు. కాలిబాట వదలకుండా, ఎండ నేరుగా తగిలే బండల దగ్గరికి వస్తే నెర్రెల్లో అది కనిపించింది. పేరు మయూరశిఖ, నెమలిశిఖ అని కూడా అంటారు.

మే నెలలో చూసినప్పుడు అది మొక్కలా లేదు. ముడుచుకుపోయిన గోధుమరంగు పోచల కట్ట, అంతే. మాతో వచ్చిన పిల్లలు చచ్చిపోయిందనే తేల్చారు. నవంబరులో అదే బండ మీద అదే నెర్రెలో పచ్చని బుల్లి తాటాకులు విచ్చుకొని ఉన్నాయి! నిజంగా తాటాకే. ఒక్కో ఈనె రెండుగా, ఆ రెండూ నాలుగుగా చీలి విసనకర్రలా పరచుకుంటుంది. మొక్క ఎత్తు జానెడుకు అటూ ఇటూ, చాలావాటికి అదీ ఉండదు.

సాధారణంగా మొక్క ఒంట్లోని నీరు అంతగా ఇంకిపోతే కణాలు చెడిపోతాయి, మళ్లీ ఎంత నీరు పోసినా లేవదు. మయూరశిఖ ఎండినప్పుడు లోపలి పనులన్నీ దాదాపు ఆపుకొని ఉండిపోతుంది. వాన పడితే నీరు పీల్చుకొని తిరిగి విచ్చుకుంటుంది. వేరుశనగ చేను వానకు ఎదురుచూస్తూ ఎండిపోవడం చూసిన రైతుకు ఇది ఎంత గొప్ప సంగతో వేరే చెప్పనక్కరలేదు.

దీనికి పువ్వు లేదు, గింజ లేదు. ఆకు అంచులు లోపలికి మడిచి ఉంటాయి. ఆ మడత కింద పొడిలాంటి సిద్ధబీజాలు తయారవుతాయి. అవి గాలికి ఎగిరి తడి ఉన్న సందులో పడితే మొదట చిన్న పచ్చని రేకు పుడుతుంది. ఆ రేకు మీద మగకణం నీటి పొరలో ఈదుకుంటూ ఆడకణాన్ని చేరితేనే కొత్త మొక్క. అంటే పెద్ద మొక్క కరువును తట్టుకున్నా, పిల్లమొక్క పుట్టడానికి మాత్రం తడి తప్పదు. అందుకే నెర్రెను పట్టుకొని ఉంటుంది. పాతగోడల సున్నపు సందులు కూడా దీనికి ఇష్టం. గోడలో మొలిచే హిస్సోపును గూర్చి రాజుల గ్రంథంలో చదివిన మనకు గోడమొక్క కొత్త కాదులెండి.

ఎర్రచందనంలాగా ఇది మన కొండల చుట్టుపక్కలకే పరిమితమైనది కాదు. ఆఫ్రికా, అరేబియా మొదలుకొని శ్రీలంక, బర్మా వరకు ఉంది. శాస్త్రీయ నామం ఆక్టినియోప్టెరిస్ రేడియేటా. చాలా పుస్తకాల్లో ఆ పేరు పక్కన కొయినిగ్ అనే పేరు కూడా కనిపిస్తుంది. ఈయన లిన్నేయస్ శిష్యుడు. 1768లో తరంగంబాడి మిషనుకు వైద్యుడుగా వచ్చి, తర్వాత ఆర్కాటు నవాబు కొలువులో చేరి, రోగులను చూస్తూనే దక్షిణదేశపు మొక్కలను సేకరించాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో జబ్బుచేసి చనిపోయాడు. సామర్లకోటలో ఉన్న డాక్టరు రాక్స్‌బర్గ్ వచ్చి చూసినా ప్రాణం నిలవలేదు.

తిరుగు ప్రయాణంలో ఒక సంతలో ఒక అవ్వ గోనెపట్ట మీద వేర్లతోసహా పెరికిన మయూరశిఖ కట్టలు పెట్టుకొని ఉంది. "ఏందవ్వా ఇది?" అంటే, "బిడ్డల్లేనోళ్లకి నాయనా, పాలల్లో నూరి తాగాల" అంది. పల్లె వైద్యంలో కడుపులో పురుగులకూ, రక్తం కట్టడానికీ దీన్ని వాడతారు. చిత్రమేమిటంటే ఒకచోట సంతానం కలగడానికి ఇచ్చే ఈ మొక్కనే మరోచోట కలగకుండా ఇస్తారు! అవ్వను తప్పుపట్టలేము, ఆమెకు అది పూటకూడు. కానీ బిడ్డలు లేరని కోడలి చేత మాత్రమే ఆకుపసరు తాగించి, కొడుకును డాక్టరు దగ్గరికి పంపని ఇళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నాయి. లోపం ఇద్దరిలో ఎవరికైనా ఉండవచ్చు. పరీక్ష ఇద్దరికీ జరగాలి. ఏళ్లు గడిచాక ఆ కాలం తిరిగిరాదు.

మొక్క సంగతీ అంతే. ఎండను ఓర్చుకునే వేరు చేతితో పెరికితే ఓర్చుకోలేదు. ఆ నెర్రెలో మళ్లీ సిద్ధబీజం పడి, తడి నిలిచి, రేకు పుట్టాలి. తలకోన 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కులోనిది, 2010లో ప్రకటించిన శేషాచలం జీవావరణ మండలంలోనిది కూడా. అక్కడ ఏ మొక్కనూ పెరకకూడదు.

చూడాలనుకునేవారు నవంబరు, డిసెంబరు నెలల్లో వెళ్లండి. ఆకును తెంచకుండా వేలితో కొంచెం పైకెత్తి చూస్తే అడుగున అంచుల వెంబడి సన్నని గోధుమరంగు గీతలు కనిపిస్తాయి. సిద్ధబీజాలు ఉండేది వాటిలోనే.