చక్రాల మీద కాపురం

బెజవాడలో బెంజి సర్కిల్ దాటి బందరు రోడ్డున తూర్పుగా పోతే, పటమట దగ్గర ఆటోనగర్ తగులుతుంది. ఊరికి వచ్చినవారు దుర్గమ్మ కొండనీ బ్యారేజినీ చూసి వెళ్లిపోతారు గాని ఈ పేట ముఖం చూడరు. చూడవలసిన చోటే సుమండీ! ఒక షెడ్డులో లారీకి బాడీ కడుతుంటారు, పక్కన టింకరింగు, ఆ పక్కన సీట్లకు రెక్సిను కుట్టడం. సుత్తుల మోతలో మాట వినబడాలంటే కేక వేయవలసిందే.

మా బావగారు ఉద్యోగ విరమణ చేశాక, పాత వ్యానొకటి కొని ఇల్లుగా మార్చే పని ఇక్కడే పెట్టుకున్నారు. అక్కయ్యకు మోకాళ్ల నొప్పులు. సత్రాల మెట్లు ఎక్కలేదు. అహోబిలం, శ్రీశైలం, లేపాక్షి చూడాలని ఆమె కోరిక. ఆపరేషనుకని బ్యాంకులో దాచిన సొమ్ము జోలికి మాత్రం పోకూడదు. వ్యానుతో సహా ఏడు లక్షల్లో తేలాలి.

బావగారి చిట్టాలో మంచం, తెరలు, ఏసీ, టీవీ ఉన్నాయి. మేస్త్రి దాన్ని చదివించుకుని, "అయ్యగారూ, కంటికి కనిపించేవన్నీ రాశారండి. డబ్బు తినేవి కనిపించవు" అన్నాడు.

నిజమే. వ్యాను నాలుగు లక్షలైతే, టైర్లకూ, ఇంజను పనికీ, అడుగున తుప్పు గోకి కొత్త రేకు వేయడానికీ 85 వేలు పోయాయి. ఇంకా ఇంట్లోకి ఒక్క మేకు రాలేదు! రేకు టాపు కింద బెజవాడ ఎండలో మనిషి అప్పడమైపోతాడు గనుక, వేడి ఆపే పొర వేసి, దానిమీద ప్లైవుడ్ కొట్టాలి. వడ్రంగం బావగారే చేసుకున్నారు. మంచం, అలమరలతో కలిపి అదొక 70 వేలు.

కరెంటు లెక్క నాకు మహా ముచ్చటేసింది. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో పట్టేది 1280 వాట్ అవర్లు. చిన్న ఫ్రిజ్ రోజుకు 500 తింటుంది, 25 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 200, దీపాలకు 50. ఎండ కాస్తే టాపు మీది పలకలు ఆ మాత్రం తిరిగి నింపుతాయి. వెయ్యి వాట్ల ఏసీ పెడితే అంతా గంటంబావుకు ఖాళీ! ఏసీ చిట్టాలోంచి ఎగిరిపోయింది. బ్యాటరీ, పలకలు, వైరింగుకు 65 వేలు. నీళ్లకూ, వంటకూ, మరుగుకూ 25 వేలు. నీళ్ల తొట్టి పెద్దదే కావాలన్నారు బావగారు. వంద లీటర్లంటే వంద కిలోల బరువని మేస్త్రి గుర్తుచేశాక అరవైకి దిగారు.

అసలు ముఖ్యమైనది కాగితం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మనిష్టానికి మార్చకూడదు. కనుక నమూనా గీసి, రవాణా కార్యాలయంలో ఒప్పుదల తెచ్చుకునేదాకా బావగారు రంపం ముట్టలేదు. షెడ్డు అద్దె ఊరికే పోతోందని ఆయన గొణిగారు గాని, అంతా కట్టాక పీకించడంకన్న అది చవక.

మిగిలింది 55 వేలు. ముందు పందిరి గుడ్డ వేయిద్దామని బావగారి ఊహ.

"పందిరి తర్వాత సంగతండీ, ముందా మెట్టు కిందికి దింపించండి. జానెడెత్తు మించితే నేనెక్కలేను" అంది అక్కయ్య.

మేస్త్రి ఆ పూటే రెండు మడత మెట్లు వెల్డింగు చేసి పెట్టాడు. ముందు బందరు దాకా వెళ్లివస్తారట, ఏ చెక్క కిర్రుమంటుందో చూసుకోవడానికి.